గుప్పెడు బెల్లం, చిటికెడు ఉప్పు: బంగ్లా పల్లెలకు బ్రాక్ నేర్పిన పాఠం

అర సేరు నీరు, గుప్పెడు బెల్లం, మూడు వేళ్ళ మధ్య ఇమిడినంత ఉప్పు. బంగ్లాదేశ్ పల్లెలలో ఒక తరం తల్లులకు ఈ కొలతలు కంఠోపాఠం. అతిసార వ్యాధితో బిడ్డ నీరసించిపోతున్నప్పుడు డాక్టరు కోసం పరుగెత్తకముందే ఇంట్లోని సరుకులతో ప్రాణం నిలిపే ద్రావణం తయారుచేసుకోవడం వారికి తెలుసు. ఈ విద్య వారికి ఏ పాఠశాలలోనూ లభించలేదు. 1980 నుంచి 1990 వరకు పదేళ్ళపాటు ఊరూరా, ఇల్లిల్లూ తిరిగిన మహిళా కార్యకర్తలు సుమారు 1.2 కోట్ల కుటుంబాలకు దీనిని ముఖాముఖి నేర్పారు. ఆ కార్యకర్తలను పంపిన సంస్థ పేరు బ్రాక్.

స్వచ్ఛంద సంస్థలు మందులు పంచడం, పుస్తకాలు ఇవ్వడం, భవనాలు కట్టించడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. ఇచ్చినది ప్రజల వద్ద నిలిచిందా లేదా అని వెనుదిరిగి చూసుకునే సంస్థలు మాత్రం అరుదు. అర్ధ శతాబ్దానికి పైబడిన బ్రాక్ చరిత్రలో ప్రధానంగా గమనించదగిన అంశం ఇదే.

తుఫాను మార్చిన జీవితం

బ్రాక్ వ్యవస్థాపకుడు ఫజ్లె హసన్ ఆబెద్ వృత్తిరీత్యా అకౌంటెంటు. లండన్‌లో చదివి, చిట్టగాంగ్‌లోని షెల్ చమురు కంపెనీలో ఉన్నతోద్యోగం చేస్తూ ఉండేవారు. 1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తాకిన పెను తుఫాను లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. మిత్రులతో కలిసి మన్‌పురా దీవిలో సహాయక చర్యలకు దిగిన ఆబెద్ ఆ దృశ్యాలు చూసిన తరువాత మునుపటి మనిషిగా మిగలలేదు. 1971 విమోచన యుద్ధకాలంలో లండన్ చేరి స్వదేశం కోసం ప్రచారం సాగించారు. దేశం స్వతంత్రం కాగానే లండన్‌లోని తన సొంత ఫ్లాటును అమ్మి, ఆ డబ్బుతో తిరిగివచ్చారు.

1972లో సిల్హెట్ ప్రాంతంలోని సుల్లా అనే మారుమూల చోట పని మొదలయింది. భారతదేశంలోని శరణార్థి శిబిరాల నుంచి తిరిగివచ్చిన కుటుంబాలకు అక్కడ ఇళ్ళు లేవు, పడవలు లేవు, విత్తనాలు లేవు. వేలాది ఇళ్ళు తిరిగి లేచాయి. బ్రిటన్‌కు చెందిన ఆక్స్‌ఫామ్ వంటి సంస్థలు తొలి దశలో నిధులు సమకూర్చాయి. ప్రసిద్ధ కవయిత్రి సుఫియా కమాల్ సంస్థకు తొలి అధ్యక్షురాలు. తాత్కాలిక సహాయంగా మొదలైన ఈ కృషి, పేదరికం ఇళ్ళు కట్టించినంత మాత్రాన తొలగదని తేలడంతో శాశ్వత కార్యక్రమంగా మారింది.

ప్రయోగశాల నుంచి వంటింటికి

అతిసారంలో మరణం సంభవించేది ప్రధానంగా శరీరంలోని నీరు, లవణాలు వెలికిపోవడం వల్ల. ఉప్పుతోపాటు తగు మోతాదులో చక్కెర కూడా ఉంటే పేగులు ఆ ఉప్పును, నీటిని సులభంగా పీల్చుకుంటాయి. ఈ సూత్రం ఆధారంగా రోగులకు నోటి ద్వారా ఇచ్చే ద్రావణం పనిచేస్తుందని 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో నిరూపితమయింది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి, నరాలలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, భారతీయ వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని వేలాది రోగులకు ఇప్పించారు. అక్కడ దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు పడిపోయాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

మందు దొరికింది గాని, అది పల్లెకు చేరే దారి లేదు. పొట్లాలు తయారుచేసి దేశమంతటా సరఫరా చేసే శక్తి అప్పటి బంగ్లాదేశ్‌కు లేదు. ప్రతి ఇంట్లో ఉండే ఉప్పు, బెల్లంతోనే ద్రావణం చేయించాలని బ్రాక్ నిర్ణయించింది. కార్యకర్తలు ఒక్కొక్క తల్లి ఎదుట కూర్చుని, గుర్తుంచుకోవలసిన అంశాలను ఒక్కొక్కటిగా చెప్పి, ఆమె చేతనే కలిపించేవారు. అర సేరు నీరు ఎంతవరకు వస్తుందో ఆ ఇంటి పాత్రపైనే గీత గీసి చూపేవారు.

జీతాల విషయంలో సంస్థ అనుసరించిన పద్ధతి ప్రత్యేకంగా పేర్కొనదగినది. కార్యకర్త ఎన్ని ఇళ్ళు తిరిగిందన్న దానిపై ఆమెకు డబ్బు ముట్టదు. కొన్ని వారాల తరువాత వేరొక బృందం ఆ ఊరికి వెళ్ళి, నేర్చుకున్న తల్లులలో పదిమందికి ఒకరి చొప్పున పరీక్షించేది. ఎన్ని అంశాలు గుర్తున్నాయి, ద్రావణం సరిగా కలుపుతున్నదా అన్న దానిని బట్టి కార్యకర్త వేతనం నిర్ణయమయ్యేది. తల్లులు కలిపిన ద్రావణంలో ఉప్పు మోతాదు సరిపోయిందో లేదో పరీక్షలు కూడా జరిపించేవారు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ముప్పు గనుక ఈ జాగ్రత్త అనివార్యమయింది.

బయటపడిన లోపం

అయినా తొలి దశలోనే ఒక చేదు నిజం వెల్లడయింది. తల్లులకు పాఠం గుర్తున్నది. కాని బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు దానిని ఉపయోగిస్తున్నవారు అతి కొద్దిమంది. కారణం ఆరా తీయగా కార్యకర్తలకే ద్రావణంపై పూర్తి నమ్మకం లేదని తేలింది. తమకు జబ్బు చేస్తే వారు మాత్రలు మింగుతున్నారు. చెప్పేవారికే లేని విశ్వాసం వినేవారికి ఎలా కలుగుతుంది? సంస్థ ఈ లోపాన్ని కప్పిపుచ్చలేదు. కార్యకర్తలను ఢాకా పరిశోధనాలయానికి తీసుకువెళ్ళి, రోగులు ఈ ద్రావణంతోనే కోలుకోవడం కళ్ళారా చూపించింది. మరొక లోపం కూడా కనిపించింది. ఇంటి మగవారికి ఈ విషయం ఎవరూ చెప్పలేదు. తెలియని పానీయాన్ని బిడ్డకు తాగించడానికి వారు అడ్డు చెప్పేవారు. ఆపై సంతలలో, మసీదుల వద్ద, పాఠశాలలలో పురుషులతో సమావేశాలు మొదలయ్యాయి. క్రమంగా వాడకం పెరిగింది.

1990లో బంగ్లాదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 145 మంది ఐదేళ్ళు నిండకుండానే మరణించేవారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య 30 దరిదాపులకు తగ్గింది. ఈ ఘనత ఒక్క సంస్థదే అనడం అతిశయోక్తి అవుతుంది. ప్రభుత్వం చేపట్టిన టీకాలు, కుటుంబ నియంత్రణ, స్త్రీ విద్య అన్నీ కలిసి సాధించిన ఫలితమిది. ఇంటి గడప వరకు వెళ్ళగలిగిన బ్రాక్ కార్యకర్తల పాత్ర మాత్రం అందులో కాదనలేనిది.

క్షయ నివారణలోనూ ఇదే పట్టుదల కనిపిస్తుంది. 1984లో మానిక్‌గంజ్‌లో మొదలైన కార్యక్రమంలో, స్వాస్థ్య సేవికలుగా శిక్షణ పొందిన గ్రామ మహిళల ఎదుటనే రోగులు మందు మింగాలి. చికిత్సకు ముందు రోగి కొంత సొమ్ము ధరావతు కట్టవలసి ఉండేది. మందులు పూర్తిగా వాడితే అందులో కొంత రోగికి తిరిగివచ్చేది, మిగిలినది సేవికకు పారితోషికం అయ్యేది. లక్షణాలు తగ్గగానే మధ్యలో మందులు మానివేసే అలవాటుకు ఇది మంచి విరుగుడయింది.

ఒక గది, ఒక పంతులమ్మ

వయోజన విద్యా తరగతులకు వచ్చిన తల్లులే తమ పిల్లల చదువు మాటేమిటని అడగడంతో 1985లో 22 పాఠశాలలు ప్రారంభమయ్యాయి. అద్దెకు తీసుకున్న ఒక గది, చాపలపై కూర్చునే ముప్పైమందికి పైగా పిల్లలు, ఆ ఊరి మహిళే పంతులమ్మ. బడి వేళలను తల్లిదండ్రులతో చర్చించి నిర్ణయించేవారు. బడిలో ఎన్నడూ చేరని, చేరి మానివేసిన పిల్లలకే ఇక్కడ ప్రవేశం. వారిలో అధిక సంఖ్యాకులు బాలికలు. ఒక దశలో ఇటువంటి బడుల సంఖ్య ముప్పై వేలు దాటింది. కాలక్రమంలో కోటిమందికి పైగా పిల్లలు వీటిలో చదువుకున్నారు.

చదువు ముగించిన ఆడపిల్లలు ఇంటికే పరిమితమై, చిన్న వయసులోనే పెళ్ళిపీటలెక్కడం గమనించి 1990లలో వారికోసం పఠన కేంద్రాలు ఏర్పాటు చేశారు. పుస్తకాలు, ఆటలు, ఆరోగ్య విషయాలు, చేతిపనులు అన్నీ అక్కడ లభించేవి. ఈ పద్ధతిని తరువాత ఆఫ్రికాకు తీసుకువెళ్ళారు. ఉగాండాలో జరిపిన అధ్యయనంలో ఈ క్లబ్బులున్న గ్రామాలలో చిన్న వయసు గర్భధారణలు, పెళ్ళిళ్ళు తగ్గి, యువతుల సంపాదన అవకాశాలు పెరిగినట్లు వెల్లడయింది. దాని ఫలితాలు 2020లో ఆర్థికశాస్త్ర పత్రికలో ప్రచురితమయ్యాయి.

డబ్బు ఎక్కడిది?

విదేశీ విరాళాలపైనే ఆధారపడితే దాత మనసు మారిన రోజున పల్లెలో బడి మూతపడుతుంది. అకౌంటెంటు అయిన ఆబెద్ ఈ ప్రమాదాన్ని ముందుగానే గుర్తించారు. 1978లో మొదలైన ఆరోంగ్ దుకాణాలు గ్రామీణ స్త్రీల చేతిపనులను కొనుగోలు చేస్తాయి. పట్టణ వ్యాపారులు నెలల తరబడి బకాయి పెట్టే రోజుల్లో సరుకు అందగానే డబ్బు చెల్లించే పద్ధతిని ఇవి తెచ్చాయి. 1998లో పాల కేంద్రం వచ్చింది. ఈ సంస్థల మిగులు, సూక్ష్మరుణాల ఆదాయం సేవా కార్యక్రమాలకు ఆదరువు అయ్యాయి.

విమర్శలు లేకపోలేదు. సూక్ష్మరుణాలపై వడ్డీ భారం, ప్రభుత్వం చేయవలసిన పనులన్నీ ఒక సంస్థ చేతిలోకి పోవడం, వ్యాపారానికీ సేవకూ మధ్య గీత చెరిగిపోవడం చర్చకు వచ్చాయి. దాతల నిధులు తగ్గిన తరువాత ఉచిత బడుల సంఖ్య తగ్గి, కొన్నింటిలో రుసుము వసూలు మొదలయింది. ఎంత పెద్ద సంస్థ అయినా ప్రభుత్వ పాఠశాలకు, ప్రభుత్వ ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాలేదన్నది ఈ అనుభవం చెబుతున్న సత్యం.

2019 డిసెంబరు 20న ఆబెద్ కన్నుమూశారు. బడులు మూతపడవచ్చు, పథకాలు మారవచ్చు. ఒకసారి నేర్చుకున్న కొలతను మాత్రం ఏ దాతా వెనక్కు తీసుకోలేడు. బంగ్లాదేశ్‌లో ఇప్పుడు ద్రావణం పొట్లాలు ఊరి దుకాణంలోనే దొరుకుతున్నాయి. వాటిని అడిగి తెచ్చుకోవాలన్న స్పృహ ఆనాడు పాత్రపై గీత గీసుకున్న తల్లుల నుంచి వచ్చినదే. సేవ పేరిట కోట్లు వెచ్చించే సంస్థలన్నీ ఏడాది చివర ఖర్చుల పట్టికతోపాటు ఒక చిన్న ప్రశ్నకు కూడా సమాధానం రాసుకోవడం మంచిది: మనం వెళ్ళిపోయిన తరువాత ఆ ఊరికి ఏమి గుర్తున్నది?