మేనరికం లెక్క

పోయిన ఎండాకాలం చిల్పూరులో మా ఇంట్లో అక్కకు మేనబావ సంబంధం మాటకొచ్చింది. "మనోళ్లే గదా, ఏమైతది?" అంది నాయనమ్మ. అక్కకు నాయనమ్మ, బావకు అమ్మమ్మ ఆమే మరి! టెన్త్ అయిపోగానే ఎంపీసీ తీసుకుని బయాలజీకి దండం పెట్టినోణ్ణి నేను. అయినా లెక్కేసి చూశాను.

మన జన్యువులు దాదాపు అన్నీ జంటలుగా ఉంటాయి. ఒక కాపీ అమ్మది, ఒకటి నాన్నది. కొన్ని జబ్బుల్లో ఒక కాపీ చెడినా రెండోది పని నడిపిస్తుంది, సర్వర్‌కు బ్యాకప్ ఉన్నట్టు. రెండూ చెడితేనే జబ్బు బయటపడుతుంది. టెన్త్‌లో చదివిన 'అంతర్గత లక్షణం' ఇదే.

నాయనమ్మ దగ్గర అలాంటి చెడిన కాపీ ఒకటుందనుకుందాం. అది ఆమె పిల్లల్లో ఒకరికి చేరే అవకాశం 1/2, మనవల్లో ఒకరికి 1/4. అక్కా బావా ఇద్దరికీ చేరే అవకాశం 1/16. ఇద్దరి నుంచీ బిడ్డకు రావడం ఇంకో 1/4. మొత్తం 1/64. బయటి సంబంధమైతే, వందలో ఒకరి దగ్గర ఆ కాపీ ఉందనుకున్నా, 1/4 × 1/100 × 1/4, అంటే 1/1600. తేడా 25 రెట్లు.

మరి చుట్టరికం లేని సంబంధం చేసుకుంటే సరిపోతుందా? అక్కడే ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవేనని తేలింది. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు జరిగితే లక్షల జనాభా ఉన్న కులం కూడా జన్యువుల లెక్కలో చిన్న కుటుంబం లాంటిదే.

మన దగ్గరి ఉదాహరణ వైశ్యులు. ఆపరేషన్‌లో కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపం వైశ్యుల్లో మిగతావారి కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. లోపం ఉన్నవారికి గంటల తరబడి సొంతంగా ఊపిరి అందదు, వెంటిలేటర్ కావాలి. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతే. ఇది ఒక కులానికి మచ్చ కాదు. ఏ సమూహానికైనా ఇలాంటిది ఏదో ఒకటి ఉండొచ్చు.

అంతా విని నాయనమ్మ అడిగింది: "మరి మనోళ్లల్ల ఏమున్నదో ఎట్ల తెల్వాలె?"

అడగాల్సిన ప్రశ్న అదే. ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరో రాసుకుని, పెళ్లికి ముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవాలి. అక్క కాగితం తీసింది. నాయనమ్మ ఒక్కో పేరూ చెప్పడం మొదలుపెట్టింది.