గుడారపు పైకప్పు

విశాఖపట్టణమునకు నైరుతి దిశను, జాతీయ రహదారిపై ఎలమంచిలి కలదు. 2022వ సంవత్సరమునుండి ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోనిది. ఇట్టి ఊరి ప్రయాణ ప్రాంగణమున బస్సుకై వేచియుండువాడు కోరునవి రెండే: వేసవిలో నీడ, వానలో మరుగు. అయితే కప్పు తానే ఎగిరి జనులపై పడరాదు. ఈ మూడవ సంగతి ప్రయాణికునకు తోచదు గాని, కప్పు కట్టువాడు మొదట తలపవలసినది ఇదియే.

పెండ్లిండ్లలో వేయు షామియానాను చూడనివారుండరు. గాలి వీచినపుడు అది టపటప కొట్టుకొనును. వాన కురిసినపుడు నడుమ క్రుంగి, నీరు నిలుచును. ఒక చదరపు మీటరుపై రెండంగుళముల నీరు నిలిచిన, దాని బరువు 50 కిలోలు. బరువుకు గుంట లోతగును. లోతైనకొలది మరింత నీరు చేరును. తుదకు గుడ్డ చినుగును. ఇందు దోషము గుడ్డది కాదు. దాని ఆకారముది, బిగువుది.

జర్మనీ దేశపు వాస్తుశిల్పి ఫ్రై ఒట్టో (1925–2015) ఈ చిక్కును విప్పుటకు సబ్బునీటిని ఆశ్రయించెను. వంచిన తీగచట్రమును సబ్బునీట ముంచి తీసినచో, దానిపై పలుచని పొర నిలుచును. ఆ పొర తన వైశాల్యమును వీలైనంత తగ్గించుకొనును. అందు అన్ని వైపుల బిగువు సమానముగా నుండును. నాలుగు మూలలలో రెండింటిని ఎత్తి, రెండింటిని దించిన చట్రముపై ఆ పొర గుర్రపు జీనువలె ఒక దిశను పైకి, వేరొక దిశను క్రిందికి వంగును. గాలి నొక్కినపుడు ఒక వంపు, పైకి లాగినపుడు రెండవ వంపు దానిని ఎదిరించును. ఏటవాలున నీరు జారిపోవును.

1967లో మాంట్రియల్ ప్రదర్శనమున జర్మనీ మండపము ఈ తీరుననే వెలసెను. 1981లో జెడ్డా విమానాశ్రయమున హజ్ యాత్రికులకై 210 గుడారములు లేచినవి. ఒక్కొక్కటి 45 మీటర్ల చతురస్రము. గాజునూలు బట్టపై టెఫ్లాను పూత పూసిరి. అది ఎండవేడిమిని చాలవరకు వెనుకకు మరల్చి, కొంత వెలుతురును లోనికి విడుచును. దాని నిర్మాణమునకు తోడ్పడిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ మన పొరుగుననున్న ఢాకాలో జన్మించినవాడు.

జెడ్డాలో ఎండ ముఖ్యము. మన తీరమున గాలి ముఖ్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విమానాశ్రయపు కప్పు సయితము చెడెను. భారతీయ ప్రమాణములు ఈ ప్రాంతమునకు విధించిన మూల గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. దాని వర్గమును 0.6తో గుణించిన, చదరపు మీటరుకు 1500 న్యూటనులు, సుమారు 150 కిలోల ఒత్తిడి వచ్చును. పది మీటర్ల చతురపు కప్పులో గుడ్డ బరువు ఇంచుమించు 100 కిలోలు. దానిని పైకెత్తజూచు బలమో, ఆకారమును బట్టి హెచ్చుతగ్గులున్నను, 15 టన్నుల దరిదాపు! కావున దీనిని మోయుటకంటె పట్టి నిలుపుటయే కష్టము. పునాదులు పైకి ఊడిరానంత బరువుగా నుండవలెను.

బస్సు దూరుటకు అంచు ఎత్తుగా నుండవలెను. ఎత్తైనకొలది ఏటవాలు జల్లు లోనికి కొట్టును. అందుచేత బస్సులు ఆగుచోట ఎత్తుగను, జనులు కూర్చుండుచోట పల్లముగను మలచుట మేలు. వెనుకకు నడచు బస్సు తగులుచోట స్తంభము పాతరాదు. ఉప్పుగాలికి ఇనుపత్రాళ్లు త్రుప్పుపట్టును గనుక వానికి జింకు పూత కావలెను. ఏటేట తుఫానులకు ముందే బిగువు సరిచూడవలెను. స్తంభములకు గుడ్డతో సంబంధము లేని వేరు త్రాళ్లు కట్టుదురు. గుడ్డ చినిగినను అవి స్తంభమును నిలిపియుంచును, క్రిందివారు తొలగిపోవుటకు వ్యవధి చిక్కును.