నికాహ్‌కు ముందు ఒక రక్తపరీక్ష

ఒక ఎడారివాసి దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానంగా చెప్పుకున్నాడు. నీ ఒంటెలు ఏ రంగువని ప్రవక్త (స) అడిగారు. ఎర్రనివన్నాడు. వాటిలో బూడిదరంగుది ఉందా అంటే ఉందన్నాడు. అదెలా వచ్చిందంటే, పూర్వపు పోలికేదో వచ్చి ఉంటుందన్నాడు. నీ బిడ్డకూ అలాగే వచ్చి ఉండవచ్చని ప్రవక్త (స) అతని అనుమానం తీర్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసులో రెండు పాఠాలున్నాయి. తల్లిదండ్రుల్లో కనిపించనిది బిడ్డలో కనిపించవచ్చు. అందుకు తల్లిని నిందించరాదు.

మొదటి పాఠం ఎలా నిజమో నేటి జన్యుశాస్త్రం వివరిస్తోంది. దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండేసి ఉంటుంది. ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వస్తుంది. తలసీమియా వ్యాధినే చూడండి. రెండింటిలో ఒక జన్యువే లోపమైనదైతే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి ఇద్దరు పెళ్లాడితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగో వంతు. తీవ్రమైన తలసీమియా ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి.

ఖాలా, మామూ, ఫుప్పీ, చాచా పిల్లలకు జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. కనుక ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంబంధాలను షరీఅత్ అనుమతించింది, తప్పనిసరి చేయలేదు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల 81 సమూహాల్లో ఇలాంటి ముప్పు బలంగా ఉందని తేల్చారు. వైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్‌లో మత్తుతోపాటు ఇచ్చే కండరాల సడలింపు మందు త్వరగా విరగదు. ముందే తెలిస్తే వైద్యుడు వేరే మందు వాడతాడు. జన్యు పరీక్షల ప్రయోజనం ఇదే.

మన కోనసీమ రైతు విత్తనపు కొబ్బరికాయ తీసే ముందు తల్లిచెట్టును చూస్తాడు. పిల్లల సంబంధం కుదుర్చుకునేటప్పుడు మాత్రం ఆస్తి, చదువు, గల్ఫ్ ఉద్యోగం అడిగి, వంశంలోని జబ్బులు అడగడానికి మొహమాటపడతాం. ఇరాన్ 1997లోనూ, సౌదీ అరేబియా 2004లోనూ పెళ్లికి ముందు ఈ రక్తపరీక్షను తప్పనిసరి చేశాయి. మామూలు రక్తపరీక్షతోపాటు హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయిస్తే తలసీమియా లోపం చాలావరకు బయటపడుతుంది. ఇద్దరిలో ఒకరికే లోపముంటే బిడ్డకు తీవ్ర వ్యాధి రాదు. ఆ సంబంధం వదులుకోనక్కరలేదు. కుటుంబంలో వంశపారంపర్య వ్యాధితో బిడ్డ ఉంటే హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థల్లో జన్యు పరీక్షలకు, సలహాకు వీలుంది.

మరొక మాట. పరీక్ష ఫలితం అమానతు. దానిని వీధిలో పెట్టి ఒక ఆడపిల్ల బతుకును ఆగం చేయడం ద్రోహం. వ్యాధితో బిడ్డ పుడితే కోడలిని ఆడిపోసుకునే అత్తమామలు, ఆ లోపం తమ కొడుకు నుండి కూడా వచ్చిందని గుర్తుంచుకోవాలి. ఒంటెల హదీసులోని రెండో పాఠం వారి కోసమే.

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (స) బోధ. పరీక్ష ఆ కట్టుతాడు. దుఆ ఆ తర్వాత. అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.