గెలిచిన మ్యాచ్‌లో లోపాలు వెతకడం ఎందుకు?



ఐపీఎల్ మొదలైతే చాలా ఇళ్లలో రాత్రి భోజనం టీవీ ముందుకు మారిపోతుంది. పులికాట్ చుట్టుపక్కల మన ఊళ్లకు ఇంకో విశేషం ఉంది. చెన్నై దగ్గర కాబట్టి తడ, సూళ్లూరుపేట వైపు ఒకే వీధిలో పసుపు జెర్సీ, ఆరెంజ్ జెర్సీ రెండూ కనిపిస్తాయి. ఏ జట్టు అభిమానులైనా ఒక అలవాటు మాత్రం అందరిదీ. జట్టు ఓడితే తిడతారు, అది మామూలే. చిత్తుగా గెలిచిన రోజు కూడా "బౌలింగ్ ఇలా ఉంటే ముందు ముందు కష్టం", "ఆ ఒక్కడు ఆడకపోతే మన పని అయిపోయేది" అంటూ మొదలుపెడతారు. గెలిచినా ఈ సణుగుడు ఏమిటని ఇంట్లో మిగతావాళ్లు విసుక్కుంటారు.

ఈ సణుగుడులో కొంత మంచి ఆలోచన ఉంది, కొంత చెడ్డ అలవాటు కూడా ఉంది. రెండింటినీ విడదీసి చూస్తే, పిల్లల ఆన్సర్ షీట్లు ఇంటికి వచ్చిన రోజు మనం ఎలా మాట్లాడాలో కొంత తెలుస్తుంది. అందుకే ఈ నెల వ్యాసానికి ఈ విషయం ఎంచుకున్నాం.

పెద్ద గెలుపు, 18 రోజుల తర్వాత పెద్ద ఓటమి

2024 మే 8న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్, లక్నో సూపర్ జెయింట్స్ తలపడ్డాయి. ముందు ఆడిన లక్నో 20 ఓవర్లలో 4 వికెట్లకు 165 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ ఒక్క వికెట్ కూడా పోకుండా 9.4 ఓవర్లలోనే 167 కొట్టేసింది. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. ఇంకా 62 బంతులు మిగిలే ఉన్నాయి. ఇంతకంటే ఏకపక్షంగా గెలవడం కష్టం.

అయినా ఆ స్కోరుకార్డును నిదానంగా చదివితే రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, 12వ ఓవర్లో 66 పరుగులకు 4 వికెట్లు పడిన లక్నోను మన బౌలర్లు ఆ తర్వాత ఆపలేకపోయారు. అయిదో వికెట్‌కు బదోని, పూరన్ విడిపోకుండా 99 పరుగులు జోడించారు. భువనేశ్వర్ కుమార్ 4 ఓవర్లలో 12 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీయకపోతే లక్ష్యం ఇంకా పెద్దదయ్యేది. రెండు, ఓపెనర్లే పని ముగించారు కాబట్టి మిగతా బ్యాటర్లకు ఆ రోజు బ్యాట్ పట్టే అవసరమే రాలేదు.

మే 26న చెన్నైలో ఫైనల్. ఎదురుగా కోల్‌కతా నైట్ రైడర్స్. అభిషేక్ 2 పరుగులకు, హెడ్ సున్నాకు అవుటయ్యారు. జట్టు మొత్తం 18.3 ఓవర్లలో 113కే ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్స్‌లో అదే అతి తక్కువ స్కోరు. ఆ ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసింది బౌలరైన కెప్టెన్ ప్యాట్ కమిన్స్, 24. కోల్‌కతా 10.3 ఓవర్లలో 8 వికెట్ల తేడాతో గెలిచింది.

మరుసటి ఏడాది కూడా ఇలాంటిదే జరిగింది. 2025 మార్చి 23న రాజస్థాన్ రాయల్స్ మీద సన్‌రైజర్స్ 286 పరుగులు చేసి 44 పరుగుల తేడాతో గెలిచింది. అందరూ 286 గురించే మాట్లాడుకున్నారు. అదే మ్యాచ్‌లో ప్రత్యర్థికి 242 ఇచ్చిన సంగతి వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది. వాటిలో ఒకటి విశాఖపట్నంలో, 163కే ఆలౌటై.

అయితే లోపం చూపించిన అభిమాని జోస్యం చెప్పినట్టు కాదు. 2023లో ఇదే జట్టు పది జట్లలో చిట్టచివర నిలిచింది. ఏడాది తిరిగేసరికి ఫైనల్‌కు తీసుకెళ్లింది ఆ దూకుడైన బ్యాటింగే. లక్నో మ్యాచ్ తర్వాత కూడా కొన్ని మ్యాచ్‌లు గెలిచింది. ఫైనల్‌లో కోల్‌కతా బౌలింగ్ కూడా చాలా బాగుంది. కాబట్టి ఏకపక్ష గెలుపు చూసి "వీళ్లు ఓడిపోతారు" అనడం తెలివి కాదు. "జట్టులో ఏ భాగం ఇంకా పరీక్షకు నిలవలేదు?" అని అడగడమే తెలివి.

మంచి అభిమాని అడిగే మూడు ప్రశ్నలు

మొదటిది: ఈ గెలుపులో ఏ భాగానికి పని పడలేదు?

రెండోది: ఇందులో మన ఆట ఎంత, ఎదుటివాళ్ల బలహీనత, ఆ రోజు పిచ్ సాయం ఎంత?

మూడోది: ఒక్కరి మీదే భారం పడిందా? ఆ ఒక్కరు లేని రోజు ఎలా?

ఈ ప్రశ్నలు క్రికెట్‌కే కాదు, కబడ్డీకీ పనికొస్తాయి. స్కూల్ జట్టు 45–12 తేడాతో గెలిచిందనుకుందాం. ఆ 45లో 30 పాయింట్లు ఒకే రైడర్ తెచ్చి ఉంటే, మిగతా ఆరుగురికి ఆ మ్యాచ్‌లో నేర్చుకునే అవకాశం దొరకలేదనే అర్థం. కోచ్ మరుసటి రోజు ప్రాక్టీసు ఆ ఆరుగురితోనే మొదలుపెడతారు.

మన సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్న శ్రీహరికోటలోనూ ఇదే పద్ధతి. రాకెట్ సరిగ్గా వెళ్లినా దాని సమాచారమంతా శాస్త్రవేత్తలు మళ్లీ పరిశీలిస్తారు. 2019లో చంద్రయాన్–2 ల్యాండర్ చంద్రుడి మీద దిగలేకపోయింది. 2023 జులై 14న చంద్రయాన్–3 ఇక్కడి నుంచే బయల్దేరి ఆగస్టు 23న విజయవంతంగా దిగింది. దాన్ని తయారుచేసేటప్పుడు ఏది సరిగ్గా జరుగుతుంది అని కాక, ఏది విఫలం కావచ్చు, అప్పుడు ఎలా కాపాడుకోవాలి అని ఆలోచించామని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ వివరించారు. మన పిల్లలు డాబా ఎక్కి చూసే ఆ వెలుగు వెనక ఇలాంటి ప్రశ్నలు ఎన్నో ఉంటాయి.

విమర్శ ఎక్కడ చెడుతుంది?

మంచి విమర్శ పని గురించి మాట్లాడుతుంది: "చివరి ఓవర్లలో పరుగులు ఎక్కువ ఇచ్చారు." చెడ్డ విమర్శ మనిషి మీద పడుతుంది: "వాడు పనికిరాడు." మొదటి మాట విన్న ఆటగాడు ఏం సాధన చేయాలో తెలుసుకుంటాడు. రెండో మాట విన్నవాడికి చేయడానికి ఏమీ మిగలదు.

మాట్లాడే సమయం కూడా ముఖ్యమే. కప్పు చేతిలో ఉన్న క్షణంలో లోపాలు చెబితే ఎవరి చెవికీ ఎక్కవు. ఆ రాత్రి సంతోషానిది. లెక్కలు మరుసటి రోజు చూసుకోవచ్చు.

ఇక మార్కుల సంగతి

యూనిట్ టెస్ట్‌లో 50కి 48 వచ్చాయని అమ్మాయి పరుగెత్తుకుంటూ వస్తుంది. మనలో చాలామంది నోటికి వెంటనే వచ్చే మాట: "ఆ రెండు ఎక్కడ పోయాయి?" తర్వాతి మాట: "క్లాస్‌లో ఫస్ట్ ఎవరికి వచ్చింది?" ఇవి పైకి విమర్శలా ఉన్నా, మంచి అభిమాని అడిగే మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఇందులో లేదు. పేపర్ తెరిచి చూడకుండానే అడగగలిగిన ప్రశ్నలివి.

పేపర్ తెరిస్తే వేరే విషయాలు కనిపిస్తాయి. బిట్లన్నీ కరెక్ట్, కానీ సొంత మాటల్లో రాయాల్సిన జవాబు ఒక్కటే ఉంది. ఛాయిస్ ఉన్న చోట కష్టమైన ప్రశ్న వదిలేసింది. వచ్చిన పాఠాలు రెండే, రాని పాఠాలు మూడు. ఇలాంటి 48 ఓపెనర్లు ఇద్దరే గెలిపించిన మ్యాచ్ లాంటిది. సంతోషించాల్సిందే. మిడిలార్డర్ సంగతి మాత్రం ఇంకా తెలియదు. వార్షిక పరీక్షల్లో అన్ని పాఠాలూ వస్తాయి, పెద్ద జవాబులూ రాయాలి.

మరోవైపు, కష్టమైన పేపర్‌లో 36 తెచ్చుకున్న అబ్బాయి ప్రతి పెద్ద ప్రశ్నకూ జవాబు ప్రయత్నించి ఉంటే, ఆ 36 వెనక చాలా ఆట ఉంది. ప్రోగ్రెస్ కార్డు అంకె ఒక్కటే చెబుతుంది. ఆన్సర్ షీట్ ఆట మొత్తం చూపిస్తుంది.

ప్రతి గెలుపు తర్వాతా "ఆ రెండు ఎక్కడ" అనే మాటే వినే పిల్లలు కొన్నాళ్లకు పేపర్లు బ్యాగ్ అడుగున దాచేస్తారు. కష్టమైన ప్రశ్న జోలికి వెళ్లకుండా, తప్పు పోని సులువు ప్రశ్నలే ఎంచుకోవడం నేర్చుకుంటారు. అసలు ఏమీ అడగని ఇంట్లో పిల్లలు సులువు పేపర్‌లోని 48ని చూసి అంతా వచ్చేసిందని నమ్ముతారు. రెండు చోట్లా నష్టపోయేది పిల్లలే.

"కానీ" అనే చిన్న మాట

ఇంగ్లీష్ టీచర్‌గా ఒక భాషా విషయం చెప్పాలి. "బాగా రాశావు, కానీ..." అంటే పిల్లల చెవిలో నిలిచేది "కానీ" తర్వాతి భాగమే. ముందున్న మెచ్చుకోలు చెరిగిపోతుంది. ఇంగ్లీష్‌లో "బట్" కూడా అంతే. "బాగా రాశావు" దగ్గర వాక్యం ముగించండి. మరుసటి రోజు కొత్త వాక్యం మొదలుపెట్టండి: "ఈసారి ఏ ప్రశ్న నీకు కష్టంగా అనిపించింది?"

ఈ నెల ఇంట్లో ఇలా ప్రయత్నించండి

• పేపర్ వచ్చిన రోజు మెచ్చుకోండి. ఏది బాగుందో ఒక జవాబు చూపించి మరీ చెప్పండి.

• మరుసటి రోజు పది నిమిషాలు కలిసి కూర్చోండి. మాట్లాడే పని పిల్లలకే వదలండి.

• మూడు ప్రశ్నలు చాలు: ఏ పాఠం ఇంకా పరీక్షకు రాలేదు? ఏ జవాబు ఊహించి రాశావు? ఏది మళ్లీ అడిగినా చెప్పగలవు?

• ఆటల్లో పెద్ద తేడాతో గెలిచి వస్తే, ఓడిన జట్టులో ఎవరు బాగా ఆడారో అడగండి. ఎదుటివాళ్ల ఆటను గమనించడం అలా అలవాటవుతుంది.

• పక్కింటి పిల్లల మార్కులు ఈ సంభాషణలోకి రానివ్వకండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ పిల్లల ఆన్సర్ షీట్లు వెంట తీసుకురండి. మార్కులు పైన ఎలాగూ ఉంటాయి. లోపలి పేజీలు మీరు, మేము, పిల్లలు కలిసి చూద్దాం.