నెల్లూరు గొఱ్ఱెకు పొడుగు కాళ్లెందుకు?

నెల్లూరు పొట్టేలును, దక్కను పీఠభూమి నల్ల పొట్టేలును ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. బరువులో అంత పెద్ద తేడా ఉండదు. కాని నెల్లూరుది మన దేశపు గొఱ్ఱెజాతులన్నింటిలోను పొడుగైనది: సన్నని పొడుగు కాళ్లు, వ్రేలాడు చెవులు, ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. దక్కను గొఱ్ఱె పొట్టిది. ఒడలంతా ముతక ఉన్ని.

ఒకే కోవకు చెందిన జంతువులలో చలిప్రదేశములవి పెద్దవిగా, ఉష్ణప్రదేశములవి చిన్నవిగా ఉండునని 1847లో బెర్గ్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చెప్పెను. అట్లయిన మండుటెండల నెల్లూరు సీమలో ఇంత పొడుగు గొఱ్ఱె ఎట్లు పుట్టినది?

దీనిని తెలిసికొనుటకు ఎనిమిది చెక్కముక్కలు చాలును. ఒక్కొక్కటి అంగుళము పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల ఘనమనుకొందము. వానినన్నింటిని ఒకే పెద్ద ఘనముగా పేర్చిన దాని ఉపరితలము 24 చదరపు అంగుళములు. అవే ముక్కలను ఒకే వరుసలో చేర్చిన 34. చెక్క బరువు తులమైనను పెరుగలేదు. ఉపరితలము మాత్రము పెరిగినది. జంతువులో పుట్టు వేడి చాలవరకు దాని బరువును, బయటికి పోవు వేడి దాని ఉపరితలమును అనుసరించి ఉండును. కనుక వేడిని వదలించుకొనుటకు చిన్నదిగా మారుట ఒక దారి. సన్నగా సాగుట మరియొక దారి. ఉష్ణప్రదేశములలో కాళ్లు, చెవులు పొడుగగునని 1877లో ఆలెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గుర్తించినది ఈ రెండవదానినే.

అయితే గొఱ్ఱె దేహోష్ణము సుమారు 39 డిగ్రీల సెంటిగ్రేడు. మే నెలలో గాలి అంతకు మించి కాగినప్పుడు పొడుగు చెవులు చేయగలిగినది లేదు. అప్పుడు రొప్పుటే దిక్కు. ఊపిరితో పోవు తేమ ఆవిరియై వేడిని కొనిపోవును. కోస్తాగాలిలో తేమ ఎక్కువగుటచే అదియు సులభము కాదు. ప్రొద్దుగ్రుంకి గాలి చల్లబడిన పిమ్మటనే ఆ దేహము అక్కరకు వచ్చును.

పీఠభూమి సంగతి వేరు. పగలు ఎండ, శీతకాలపు రాత్రులు చలి. ఉన్నిలో చిక్కిన గాలి రెంటికిని అడ్డు. గొంగడి కప్పుకొని ఎండలో మంద వెంట నడచు కురుమలను చూచినవారికి ఇది క్రొత్త కాదు.

అంతయు శీతోష్ణస్థితి చేసినదే అనుట పొరపాటు. మేత కలదు, నడక కలదు. అన్నిటికి మించి కాపరి ఏ పొట్టేలును మందలో ఉంచుకొనెనన్నది కలదు. ఉన్ని ధర పడిపోయి మాంసమునకు గిరాకి పెరిగిన తరువాత, తెలంగాణములో దక్కను గొఱ్ఱెల మందలలోనికి నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి కలుపుట సాగినది. పుట్టిన పిల్లలు పొడుగగును, ఉన్ని తగ్గును. పొలములో మంద పెట్టిన రాత్రి, జడివానలో ఆరుబయట నిలువవలసినవి ఆ పిల్లలే.