గిడ్డంగిపై గానమందిరము

మే నెల నడిమికి గుంటూరు మిర్చి యార్డు సద్దుమణుగును. టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల నడుమ కాలు పెట్టుటకైనను చోటు లేక, ఘాటునకు తుమ్ములును దగ్గులును ఎడతెగక, తేజ రకమునకు నేడు ధర యెంత, బాడిగకు రేపు ధర యెంత యని రైతులును కమీషను వ్యాపారులును తలమునకలైయుండిన ఆ ప్రాంగణము, వేసవి సెలవులు ప్రకటింపగనే కొన్ని వారములపాటు విశ్రమించును. అమ్ముడుపోని సరకు కోల్డుస్టోరేజీలకు చేరును. జిన్నింగు మిల్లులలో ప్రత్తి హడావుడి అప్పటికే తగ్గియుండును. రోటరీ అను సేవాసంఘపు అంతర్జాతీయ మహాసభ సాధారణముగా మే నెలాఖరుననో జూను నెలలోనో జరుగుట మన మైదానపు వర్తకులకు ఈ విధముగా కలిసివచ్చినది. క్లబ్బులో సభ్యులై, ‘ఈ ఏడైనను పోయివత్తమా’ యని ఏటేట తలపోయువారికొరకును, ఆ క్లబ్బులేమో ఆ సభలేమో తెలిసికొనగోరు సామాన్య పాఠకులకొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దృష్టాంతముగా 2019 జూను 1 మొదలు 5 వరకు జర్మనీ దేశమందలి హాంబర్గు నగరమున జరిగిన మహాసభను గ్రహించితిని. ఏలయన, వర్తకము జీవనముగాను సంగీతము వ్యసనముగాను గల ఆ రేవుపట్టణము గుంటూరువారికి బొత్తిగా పరాయిదిగా తోచదు.

1905 ఫిబ్రవరి 23వ తేదీన చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది, ఒక బొగ్గు వర్తకునితోను, ఒక గనుల ఇంజనీరుతోను, ఒక బట్టల దర్జీతోను కూడి కూర్చుండుటతో రోటరీ మొదలయ్యెను. ఒక్కొక్క వృత్తినుండి ఒక్కొక్కరు చేరవలెనను నాటి నియమము వలన, పోటీదారులు కానివారు మిత్రులగుటకు అవకాశము కలిగెను. నేడును మన పట్టణముల క్లబ్బులలో మిర్చి ఎగుమతిదారు ప్రక్కన కంటి వైద్యుడు, పొగాకు వర్తకుని ప్రక్కన కళాశాల ఉపన్యాసకుడు కూర్చుండుటకు మూలము అదియే. ఆ తొలి చికాగో క్లబ్బులో అయిదవ సభ్యుడుగా చేరిన హారీ రగిల్స్ అను ముద్రాపకుడు, సమావేశములలో అందరిచేతను గొంతు కలిపి పాడించు అలవాటును ప్రవేశపెట్టెను. రోటరీ చరిత్ర చెప్పువారు దీనిని ఒక చిన్న ముచ్చటగా చెప్పి విడిచెదరు గాని, నాకది చిన్నదిగా తోచదు. అపరిచితులైన వర్తకులను మిత్రులను చేయుటకు ఉపన్యాసము చేయలేని పనిని పాట చేసెనని నా నమ్మకము.

క్లబ్బులు పెరిగిన కొలది అవి ఏడాదికొకసారి యొకచోట కలిసికొనుట ఆవశ్యకమయ్యెను. 1910లో చికాగోలో జరిగిన మొదటి మహాసభకు 16 క్లబ్బులు కూడెను. 1917లో అట్లాంటా సభయందు అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్, లోకహితమునకై యొక శాశ్వతనిధి యుండవలెనని ప్రతిపాదింపగా, దానికి తరువాత కాన్సస్ నగరపు క్లబ్బు పంపిన తొలి విరాళము 26 డాలర్ల 50 సెంట్లు. నేడు దేశదేశములలో ఆసుపత్రులకును, మంచినీటి పథకములకును, విద్యార్థి వేతనములకును ధనమిచ్చుచున్న రోటరీ ఫౌండేషను ఆ స్వల్ప బీజమునుండి మొలచినదే. రోటరీవంటిదే యగు లయన్స్ సేవాసంఘమునకును ఇట్టి యొక మహాసభయే దిశానిర్దేశము చేసెను: 1925లో ఒహాయో రాష్ట్రమందలి సీడార్ పాయింటు వద్ద, చూపును వినికిడియును లేని హెలెన్ కెల్లర్ వేదికనెక్కి, అంధుల పక్షమున నిలువుడని సభ్యులను అర్థించెను. మన పల్లెటూళ్లలో లయన్స్ వారు నడుపు కంటి శిబిరములకు మూలము ఆ యొక్క ప్రసంగమే. మహాసభలు వట్టి వేడుకలనువారు ఈ రెండు సంవత్సరములను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

సభ నడచు తీరు సరళమైనది. రుసుము చెల్లించి పేరు నమోదు చేసికొన్నవానికి మెడలో వ్రేలాడు బ్యాడ్జి యొకటి లభించును. దానిమీద పేరు, ఊరు, దేశము. ప్రారంభదినమున సభ్యదేశముల పతాకములు ఒకటివెంట నొకటిగా వేదికపైకి వచ్చును. ప్రొద్దుట మహాసదస్సులు, మధ్యాహ్నము విడివిడి గోష్ఠులు. వీటికంటె ముఖ్యమైనది ‘హౌస్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్’ అనబడు సంత. సంత యనుటయే దానికి తగును. ఆఫ్రికాలో బావులు త్రవ్వించినవారు, దక్షిణ అమెరికాలో బడులు కట్టించినవారు, రోటరీయందలి సంగీతజ్ఞుల సంఘమువారు, అందరును తమతమ దుకాణములు తెరచి కూర్చుందురు. హాంబర్గుకు 25,000కు పైబడిన జనము వచ్చిరి. క్రొత్తవాడు మొదటి పూట బెదరును. రెండవ పూటకు, బ్యాడ్జిమీది ఊరు చదివి పలుకరించువారు తారసిల్లగా, బెదురు తీరును.

కాని అంతదూరము పోయి గుంటూరువారు వినవలసినదేమి? నేను పోలియో మాట చెప్పుదును. రోటరీ 1985లో ‘పోలియోప్లస్’ కార్యక్రమమును ప్రకటించెను; 1988లో ప్రపంచ ఆరోగ్యసంస్థాదులతో కూడి ప్రపంచవ్యాప్తమైన నిర్మూలనోద్యమమున చేరెను; మనదేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలయ్యెను. మన మైదానములో ఆ పని ఎట్టిదో చూచినవారికి తెలియును. మిర్చి కోతలకు కర్నూలు మొదలైన జిల్లాలనుండి కుటుంబములు మూటాముల్లెలతో తరలివచ్చి, చేల గట్లమీద పరదాగుడిసెలు వేసికొనును. తల్లులు తెల్లవారుజామున సాళ్లలోనికి దిగుదురు. చంటిబిడ్డలు గుడిసెలోనో, చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలోనో ఉందురు. ఊరిలోని కేంద్రమునకు వారు రారు గనుక, మంచుపెట్టె భుజమున తగిలించుకొని కార్యకర్తయే చేలోనికి పోవలెను. ఘాటు నంటిన తల్లి చేయి బిడ్డ కంటికి తగులకుండ, తానే బిడ్డను పట్టి రెండు చుక్కలు నాలుకపై వేసి, ఎడమచేతి చిటికెనవ్రేలి గోటికి సిరాగుర్తు పెట్టవలెను. ఆ గోటిగుర్తును చూచియే మరునాడు ఇల్లిల్లు తిరుగువారు, చుక్కలు పడిన బిడ్డను పడని బిడ్డను ఏరుకొందురు. మన ప్రభుత్వ సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వచ్ఛంద సేవకులు ఇట్లు చేసిన పని ఫలముననే, 2011 జనవరిలో హౌరాలో కనబడిన కేసు దేశమున చివరిదయ్యెను. 2014 మార్చి 27న పోలియోరహితమను ధ్రువపత్రము లభించెను. హాంబర్గు సభనాటికి ఆ సహజ వైరస్ వ్యాప్తి ఆగని దేశములుగా పాకిస్తాను, ఆఫ్గానిస్తాను, నైజీరియాలే లెక్కకు వచ్చుచుండెను. అచ్చటి పనివారి కష్టములను విన్నపుడు, చేల గట్లమీద తిరిగినవాడు తలయూపగలడు. వారికి చెప్పగల అనుభవమును అతనివద్ద ఉండును. శ్రోతగా పోయినవాడు సలహాదారుగా మారుట ఇట్టిచోటనే సంభవించును.

ఇక ఆ నగరము. హాంబర్గు రాజధానీ వైభవముతో గాక రేవు వ్యాపారముతో పెరిగిన పట్టణము. జర్మనీలో సామాన్యులకు తలుపులు తెరచిన మొదటి ఒపేరాశాల 1678లో అచ్చటనే వెలసెను. స్వరకర్త టెలిమాన్ 1721 నుండి జీవితాంతము ఆ నగర సంగీతాధ్యక్షుడై యుండెను. మెండెల్సన్, బ్రామ్స్ అను స్వరకర్తలిరువురును అచ్చట జన్మించినవారే. రేవు ప్రక్కన ఎర్రయిటుకల గిడ్డంగుల పేట యొకటి కలదు. కాలువల నడుమ నిలిచిన ఆ పాత గోడౌనులను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. కాఫీ, తేయాకు, సుగంధద్రవ్యములు నిలువచేసిన ఆ వీధులలో తిరుగు గుంటూరు వర్తకునికి కోల్డుస్టోరేజీల వరుసలు జ్ఞాపకము రాకపోవు.

ఆ పేటకు సమీపమున, కోకో, తేయాకు, పొగాకు దాచిన యొక పెద్ద గిడ్డంగి గోడలను అట్లే నిలిపి, దానిపై అద్దముల కట్టడము నెత్తి, 2017 జనవరి 11న ‘ఎల్బ్‌ఫిల్‌హార్మనీ’ యను సంగీతమందిరమును తెరచిరి. రేవులో ఓడల కూతలు లోనికి చొరకుండ, ప్రధానశాలను మొత్తముగా 362 స్ప్రింగు సముదాయములపై నిలిపిరి. గోడలకును కప్పునకును దాదాపు 10,000 జిప్సము పలకలు బిగించిరి. వాటిలో ఏ రెండింటి గుంటలును ఒక్కతీరున నుండవు. ధ్వని ఎచ్చటను ముద్దకట్టక నలుదెసల చెదరుటకై యొనర్చిన పని యది. వేదిక నడిమిన నుండును. సుమారు 2,100 మంది శ్రోతలు దాని చుట్టును అంచెలంచెలుగా కూర్చుందురు. ఎవ్వరును సంగీతనిర్వాహకునికి 30 మీటర్లకు మించిన దూరమున నుండరు. కట్టడము అనుకొన్న కాలమున ముగియక, వ్యయము అంచనాలను ఎన్నోరెట్లు మించగా, నగరప్రజలు తీవ్రముగా విమర్శించిరి. ఆ ప్రజలే విరాళములునిచ్చిరి. తెరచిన తరువాత టికెట్లకై బారులు తీరిరి.

ఇదంతయు చూచివచ్చినవాడు మన నేలకు తిరిగి చూపు సారింపవలెను. మన మైదానమునకును సంగీతము వెలితి కాదు. ఒంగోలు చెంత కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా, నాదస్వరముతో శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి ‘సంగీత కళానిధి’ బిరుదమందెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించెను. ముస్లిం వంశముల విద్వాంసులు శ్రీరామనవమి పందిళ్లలో త్యాగరాజ కృతులు వాయించుట మనకు వింత కాదు. చిలకలూరిపేట ప్రాంతమున అది తరతరముల వృత్తి. అయినను మన క్లబ్బుల వార్షిక సభలలో ఆ విద్వాంసులకు దక్కుచున్న చోటేది? ద్వారమువద్ద, అతిథుల కారు వచ్చిన క్షణమునుండి వారు లోనికి పోవువరకు కొద్ది నిమిషముల మంగళవాద్యము. పిమ్మట శాలువ, సెలవు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

రోటరీ క్లబ్బుల ప్రాంతీయ సభయగు డిస్ట్రిక్టు కాన్ఫరెన్సు గుంటూరులోగాని ఒంగోలులోగాని జరుగునపుడు, ఒక సాయంకాలమును పూర్తిగా నాదస్వరమునకు విడువవచ్చును. ఉపన్యాసములన్నియు ముగిసిన పిదప, భోజనమునకు ముందు, తవిల్ జోడుగా రెండు గంటల కచేరి; ఆలాపన, కృతి, స్వరకల్పన అన్నియు నిండుగా; ఆ సమయమున సన్మానములు లేవు, ప్రకటనలు లేవు. నాదస్వరము ఆరుబయలు వాద్యము గనుక మైకు అక్కరలేదు. విశాలమైన ఆవరణ చాలును. మిర్చి ఖాళీ అయిన గోడౌను దొరకినను సరిపోవును. ఆ కచేరికి వచ్చిన పొరుగు జిల్లాల ప్రతినిధులలో కొందరైనను మరునాడు కరవదికి దారి యడుగుదురు. విద్వాంసుల పారితోషికమును సభ్యుల రుసుములో ముందే చేర్చి, ఆహ్వానపత్రికలో రోటరీ డిస్ట్రిక్టు గవర్నరుగారి పేరుతోపాటు వారి పేర్లును సమానాక్షరములలో అచ్చువేయింపవలెను.