ప్యాకెట్ చదివే ప్లగిన్‌కీ మెయింటెనెన్స్ కావాలి

పోయిన ఎపిసోడ్‌లో వైర్‌షార్క్ గురించి మాట్లాడుకున్నాక ఎక్కువమంది అడిగింది ఇదే: "అన్నా, నిన్నటిదాకా పనిచేసిన ప్లగిన్ అప్‌డేట్ చేయగానే ఎందుకు పోయింది?" ఆడియోలో టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

కేబుల్‌లో పోయేవి ఉత్త బైట్లే. ఏ బైటు దేనికో విడదీసి చూపించేది డిసెక్టర్. బిల్డింగ్ సైట్లలో ఎక్కువగా కనపడే బ్యాక్‌నెట్ (యూడీపీ పోర్టు 47808), మోడ్‌బస్ (టీసీపీ పోర్టు 502) రెండింటికీ డిసెక్టర్లు వైర్‌షార్క్‌లోనే వస్తాయి. తంటా అంతా కంపెనీల సొంత ప్రోటోకాల్స్‌తోనే. వాటికి కమిషనింగ్ ఇంజనీర్ ఎవరో లువా స్క్రిప్టో, సీ ప్లగిన్నో రాసిస్తాడు. ఆయన ఇంకో ప్రాజెక్టుకి పోతాడు, ప్లగిన్ మన లాప్‌టాప్‌లో మిగిలిపోతుంది.

సూపర్‌వైజర్‌కి దీంతో పనేంటి అంటారా? రీడింగ్ రాకపోతే అందరూ ముందు వేలు చూపించేది కేబుల్ మీదే. మళ్ళీ లాగాల్సింది మన కుర్రాళ్ళే, అదీ ఎండలో. ప్యాకెట్ సరిగ్గానే వచ్చింది, లోపలి విలువే తప్పు అని స్క్రీన్ మీద చూపిస్తే గొడవ అక్కడితో ఆగుతుంది. చూపించాల్సిన ప్లగినే పడిపోతే మన మాట ఎవరు వింటారు?

పడిపోవడానికి కారణాలు ఇవీ:

సీ ప్లగిన్ ఏ వెర్షన్‌కి బిల్డ్ చేస్తే దానికే. 4.2కి చేసింది 4.4లో లోడ్ అవ్వదు, మళ్ళీ కంపైల్ చేయాలి. అందుకే ఒక్క డీఎల్ఎల్ ఫైలు తీసుకుని ఊరుకోవద్దు, సోర్స్ కోడ్ కూడా హ్యాండోవర్ లిస్టులో రాయించండి.

లువాకి కంపైల్ అక్కర్లేదు. కానీ 4.4లో లువా 5.2ని తీసేశారు, 5.3, 5.4 మాత్రమే నడుస్తాయి. పాత స్క్రిప్టులు కొన్ని సరిచేసుకోవాలి. ఫైలు ఎక్కడ పెట్టాలో హెల్ప్ మెనూలో అబౌట్, అందులో ఫోల్డర్స్ చూస్తే తెలుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం పరికరం ఫర్మ్‌వేర్ మారడం. 2 బైట్ల ఫీల్డు 4 బైట్లయితే ప్లగిన్ ఎర్రర్ ఇవ్వకుండానే తప్పు అంకె చూపించొచ్చు. మెసేజ్‌లో వెర్షన్ నంబర్ ఉంటే ముందు అది చూసి, తెలియని వెర్షన్ అయితే చదవకుండా ఆగిపోయేలా రాయించుకోండి.

ఇక మెయింటెనెన్స్ అంటే పెద్ద పనేం కాదు. అన్నీ బాగున్న రోజున ఒక క్యాప్చర్ ఫైలు సేవ్ చేసి, అదే టైంకి మీటరు మీద ఉన్న రీడింగ్ పక్కనే రాసిపెట్టండి. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు తెరవండి. అంకె కలిస్తే ప్లగిన్ బాగున్నట్టు. కలవకపోతే సైటుకి తీసుకెళ్ళకండి, పాత వెర్షన్‌తోనే పని కానివ్వండి.

ఒక్క జాగ్రత్త: క్లయింట్ అనుమతి లేకుండా క్యాప్చర్ చేయొద్దు, ఆ ఫైళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. అందులో బిల్డింగ్ నెట్‌వర్క్ వివరాలన్నీ ఉంటాయి.